ఊరెళ్ళొచ్చే పిల్ల

నేను ఆడపిల్లల అబ్జర్వేషన్ హోములో కుట్టు నేర్పే టీచర్ని. ఏదో ఒక కేసులో దొరికిన పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల్ని ఆ కేసు తేలేదాకా ఉంచే చోటది. వారానికి మూడు మధ్యాహ్నాలు వెళ్తాను. కుట్టుగదిలో ఏడు మిషన్లున్నాయి. నాలుగు నా మాట వింటాయి, రెండు పిల్లల మాట వింటాయి, ఒకటి ఎవరి మాటా వినదు. పిల్లలు పదకొండు మంది. వాళ్ళలో ఎంతమంది నా మాట వింటారని మాత్రం అడగొద్దు.

వాళ్ళలో ఇద్దరి సంగతి ముందు చెప్పాలి. అందరూ లాయరు అని పిలిచే పిల్లకి పద్నాలుగేళ్ళు. నా భుజం దాకా కూడా రాదు. తాళంచెవి లేకుండా స్కూటర్లు స్టార్టు చేసే విద్య నేర్చుకున్నందుకు ఇక్కడికొచ్చింది. వాదించే విద్య మాత్రం పుట్టుకతోనే వచ్చింది. కాజా వంకరగా కుట్టావే అని నేనంటే, గుండీదే తప్పని నిరూపించేది. రెండోది రేడియో. పదిహేనేళ్ళ బొద్దు పిల్ల. రైళ్ళలో ఫోన్లు మాయం చేసే ముఠాతో తిరుగుతూ దొరికింది. రేడియో నోటితో చెయ్యలేని చప్పుడు లేదు. సూపరింటెండెంటు మేడమ్ దగ్గు ఎంత బాగా దగ్గేదంటే, బయట కునుకు తీస్తున్న గార్డు అక్క ఉలిక్కిపడి లేచి నిలబడేది.

వీళ్ళ మధ్యకి ఒకరోజు పదహారేళ్ళ పిల్ల వచ్చింది. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో మర్చిపోయి వెతుక్కుంటున్నట్టుండేది. వచ్చిన రోజు సాయంత్రం వరండాలో హాజరు పిలుస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. మేడమ్ ఆ పిల్ల పేరు రెండుసార్లు పిలిచారు. పలకలేదు. మూడోసారి లాయరు చెయ్యెత్తింది.

“ఉంది మేడమ్.”

“ఉంటే పలకదేం?”

“ఉంది గానీ లేదు మేడమ్. కాళ్ళు, చేతులు, జడ అన్నీ హాజరే. మనిషే ఎటో ఊరెళ్ళింది.”

“వెటకారమా?”

“వెటకారం కాదు మేడమ్. మీరే వచ్చి చూడండి.”

మేడమ్ వచ్చి చూశారు. ఆ పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. మేడమ్ మొహంలోంచి వెనక గోడని చూస్తున్నట్టున్నాయి. అది మేడమ్‌కి పొగరులా కనబడింది. ఆ సాయంత్రం అందరికీ టీవీ బందు. “ఊరెళ్ళినావిడ చేసిన తప్పుకి ఊళ్ళో ఉన్నవాళ్ళకి శిక్షా?” అని లాయరు వాదించింది. దాంతో టీవీ రెండ్రోజులు బందైంది.

అప్పట్నుంచీ ఆ పిల్లకి టూరు అని పేరు పడింది. భోజనాల దగ్గర ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయేది. కొళాయి తిప్పి బకెట్టు నిండి పొర్లుతున్నా నిలబడి చూసేది. పిల్లలు తన మొహం ముందు చెయ్యాడించి, తిరిగొచ్చేదాకా కాచుకుని కూర్చుని, రాగానే పరామర్శలు మొదలెట్టేవాళ్ళు.

“ఎప్పుడొచ్చావే? ఊళ్ళో అంతా బాగున్నారా?”

“బాగున్నారు,” అనేది టూరు చాలా గంభీరంగా. కోప్పడేది కాదు. నవ్వేది కూడా కాదు.

నేనేమీ తక్కువ తినలేదు. నా గొంతు అసలే పెద్దది. నేను గుసగుసలాడితే పక్కింటివాళ్ళు తలుపు తీసి ‘పిలిచారా?’ అంటారని మా ఆయన ఎగతాళి. టూరు పరాకుగా కనబడ్డప్పుడల్లా చెక్క స్కేలుతో బల్ల మీద ఠపీమని కొట్టి, “ఏయ్ మొద్దూ, ఎక్కడున్నావే?” అని అరిచేదాన్ని. కొట్టినకొద్దీ ఇంకా దూరం వెళ్ళిపోయేది. నేర్చుకోవడం ఇష్టం లేదనుకున్నాను. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి నేర్పుతున్నదాన్ని, నాకు తెలియని వేషాలా అనుకున్నాను.

అలా మూడు వారాలు గడిచాక ఒకరోజు దిండు గలీబులు కుడుతున్నాం. టూరు మిషన్ మీద కూర్చుంది. కుట్టు చక్కగా వస్తోంది. చెయ్యి తిరిగిందే అనుకుని నేను పక్క పిల్ల దగ్గరికి వెళ్ళాను. అప్పుడే వరండా చివర గ్రిల్లు తలుపు వేసి, గార్డు అక్క ఇనప గడియ ధడేల్మని దించింది. రోజుకి ఇరవైసార్లు వినబడే చప్పుడే. మాకెవరికీ చెవికెక్కదు.

నేను ఇటు తిరిగేసరికి టూరు మిషన్ తొక్కడం ఆపేసి ఉంది. ఎడమ చెయ్యి సూది కిందే ఉంది. సూది చూపుడువేలి గోట్లోంచి దిగి ఉంది. ఆ పిల్ల మాత్రం కిందకి చూస్తూ, వింతేదో చూపిస్తున్నట్టు నెమ్మదిగా అడిగింది.

“ఎవరి వేలు టీచర్ అది?”

చేత్తో చక్రం తిప్పి, సూది పైకి లేపి, వేలు బయటికి తీశాను. అప్పుడు కారింది రక్తం. అది చూసి రేడియో దబ్బున పడిపోయింది. రైళ్ళలో అంతమంది జేబులు ఖాళీ చేసిన మనిషి, రెండు చుక్కల రక్తానికి నేల మీద ఉంది! ఒకళ్ళ వేలికి కట్టు కట్టాలి, ఒకళ్ళ మొహాన నీళ్ళు చల్లాలి. “నీళ్ళు, నీళ్ళు!” అని నేను అరిచాను. లాయరు చెంబుడు నీళ్ళు తెచ్చి, ఆ కంగారులో రేడియోని వదిలేసి, నేరుగా టూరు మొహాన కొట్టింది.

టూరు కళ్ళు టపటపలాడించింది. ఒకసారి అందర్నీ చూసింది. వేలు చూసుకుంది.

“అమ్మో, నొప్పి!” అంది.

ఆ కేక విని రేడియో కూడా లేచి కూర్చుంది.

మర్నాడు గురువారం. గురువారాలు కౌన్సిలరు వస్తాడు. కుర్రవాడే. మనిషి సన్నం, తల పెద్దది కాబట్టి పిల్లలతనికి గుండుసూది అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసీ తెలియనట్టుంటాడు, పాపం. నేను సెలవు పెట్టుకున్న రోజే అయినా వెళ్ళి, మేడమ్ గదిలో, ఆవిడ ముందే, అతని ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పాను.

“నేను అదే మేడమ్ గారికి చెబుదామనుకుంటున్నాను,” అన్నాడు. “ఇల్లు అంటుకుంటే మనం ఏం చేస్తాం టీచర్?”

“బయటికి పరిగెత్తుతాం.”

“తలుపులన్నీ వేసి ఉంటే?”

నేను తలుపు వైపు చూశాను.

“ఒళ్ళు లోపలే ఉండిపోవాలి. గత్యంతరం లేదు. అలాంటప్పుడు మనసొక్కటే బయటికి వెళ్ళిపోతుంది. నొప్పి తెలియదు, మాట వినబడదు. చిన్నప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి ఆ అమ్మాయి నేర్చుకున్న పని అది. ఇప్పుడు మంట లేకపోయినా, కాస్త పొగ వాసనొస్తే చాలు, తనకి తెలియకుండానే వెళ్ళిపోతోంది. పొగరు కాదు, నటన కాదు.”

ఫైలు తీసి, మాకు తెలియాల్సినంత మటుకు చెప్పాడు. ఇంట్లో తండ్రి తల్లిని కొట్టేవాడు. ముందు లోపలినుంచి గడియ వేసేవాడు, తర్వాత కొట్టేవాడు. ఆరేళ్ళప్పటినుంచీ ఆ పిల్లకి గడియ చప్పుడంటే ఏమిటో తెలుసు. నెల క్రితం ఒక రోజు తల పగిలి తల్లి లేవలేదు. తండ్రి పారిపోయాడు. ఈ పిల్ల తల్లిని ఈడ్చుకొచ్చి, ఇంటిముందున్న తండ్రి సామాన్ల ఆటోలో వెనక పడుకోబెట్టి, ఎప్పుడూ తోలని ఆ ఆటోని ఆస్పత్రి దాకా తోలింది. గేటు ముందు బ్రేకు అందక టీ కొట్టుని గుద్దింది. టీ కొట్టాయన కాలు విరిగింది. తల్లి బతికింది. పిల్ల మీద కేసైంది.

“మొదటి వాయిదాలో మేజిస్ట్రేటు మేడమ్ మూడుసార్లు అడిగినా పలకలేదు,” అన్నాడు కౌన్సిలరు. “సమాధానం చెప్పడానికి నిరాకరించింది అని రాసుకున్నారు. వచ్చే వాయిదా ఇంకో నెల రోజులుంది.”

నేను బల్ల మీద కొట్టిన స్కేలు చప్పుళ్ళన్నీ వరసగా గుర్తొచ్చాయి. తల ఎత్తలేకపోయాను. సూపరింటెండెంటు మేడమ్ రెండుసార్లు దగ్గారు, అంతే. కానీ నేను బయల్దేరుతుంటే పిలిచి, “ఆ గ్రిల్లు గడియ కొలత తీసుకోండి. దూది పెట్టి మందంగా ఒక తొడుగు కుట్టండి,” అన్నారు. సామాన్ల పుస్తకంలో ఆ తొడుగుకి కారణం రాయాలి కదా. ‘తుప్పు పట్టకుండుటకు’ అని రాశారు.

తొడుగు పిల్లలే కుట్టారు. నీలం గళ్ళ గుడ్డ మీద ఎర్ర అంచు వేసి, పాపాయి చొక్కాలా తయారుచేశారు. గార్డు అక్కకి అది ఎంత నచ్చిందో, ఆదివారాలు ఉతికి ఆరేసేది.

ఒక మధ్యాహ్నం గలీబులకి చేత్తో అంచులు మడుస్తూ కూర్చున్నాం. లాయరు ఉన్నట్టుండి అడిగింది.

“నిజం చెప్పవే. వెళ్ళినప్పుడు ఎక్కడికెళ్తావు?”

టూరు దారం తెంపి, కాస్త ఆలోచించింది. “ఎక్కడికీ కాదు. ఫ్యాను మీద కూర్చుంటా. అక్కడ్నుంచి చూస్తే అందరూ చిన్నగా ఉంటారు. చప్పుడు కూడా చిన్నగా వస్తుంది.”

“ఫ్యాను తిరుగుతుంటేనో?”

“ఆపి కూర్చుంటా.”

“మరి ఫ్యాను లేని చోట?”

“ఫ్యాను పెట్టుకుని కూర్చుంటా.”

ఆ జవాబు లాయరుకి తెగ నచ్చింది. టూరు మాత్రం తలొంచుకుని అంచు మడుస్తూనే ఉంది.

“కానీ ఆటోలో కూడా వెళ్ళిపోయా,” అంది. “దారి గుర్తులేదు. స్టార్టు చేసింది గుర్తుంది, గుద్దింది గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. వెనక అమ్మ అలా పడుంది. ఒక్కత్తినే వదిలేసి నేను పైకెక్కి కూర్చున్నా.”

నేను ఆ పిల్ల పక్కకి జరిగి కూర్చున్నాను. చెయ్యి వెయ్యాలనిపించింది. వేస్తే ఉలిక్కిపడుతుందేమోనని ఊరుకున్నాను. “ఆటో దానంతట అది వెళ్ళదు కదే,” అన్నాను చివరికి. నాకు తోచింది అంతే.

ఆ తర్వాతి గురువారం కౌన్సిలరు టూరుకి ఒక పద్ధతి నేర్పాడు. వెళ్ళిపోతున్నట్టు అనిపించగానే పాదాలు నేలకి ఆనించి, చుట్టూ కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పాలి. చేత్తో ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలి. జేబులో పెట్టుకోవడానికి నేను నాలుగు రంధ్రాల పెద్ద కోటు గుండీ ఇచ్చాను.

“బల్ల, కుర్చీ, గోడ, తలుపు, కిటికీ,” అంది టూరు మొదటిసారి, అంగడి సరుకులు చదివినట్టు. చదువుతూనే వెళ్ళిపోయింది.

“ఇలా అయితే నాకూ నిద్రొస్తుంది,” అంది లాయరు. “మంచివి చెప్తే ఎవరు చూస్తారే? చెడ్డవి చెప్పు. ఈ గదిలో ఐదు దరిద్రపు వస్తువులు చెప్పు.”

టూరు చుట్టూ చూసింది. ఈసారి నిజంగా చూసింది. “గోడ మీద చెమ్మ మరక. ఒంటె మూతిలా ఉంది. మూడో మిషన్ పట్టా. ఊడిపోయి వేలాడుతోంది. లాయరు కుట్టిన జేబు.”

“నా జేబుకేమైంది?”

“చెయ్యి పెడితే ఇంకో పక్కనుంచి బయటికొస్తుంది. రేడియో మెడ మీద మురికి. నాలుగైంది కదా. ఐదోది...” నా వైపు తిరిగి ఆగిపోయింది.

“చెప్పు, ఏమీ అనను,” అన్నాను.

“మీ జాకెట్టు టీచర్. కుట్టు టీచరు అయ్యుండి, ఆ చంకలో ముడతేంటి?”

గది గదంతా పగలబడి నవ్వింది. టూరు కూడా నవ్వింది. ఆ పిల్ల పళ్ళు నేను చూడటం అదే మొదలు. కౌన్సిలరు తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆ రోజు ఇంటికెళ్ళి నేను ఆ జాకెట్టు చంక విప్పి మళ్ళీ కుట్టుకున్నాను. అది వేరే సంగతి.

రేడియోకి కూడా పని దొరికింది. కౌన్సిలరు దగ్గరుండగా, గడియ చప్పుడు నోటితో చెయ్యాలి. ముందు గది అవతలినుంచి, దోమ వాలినంత నెమ్మదిగా. టూరు ఇక చాలని చెయ్యెత్తితే ఆపెయ్యాలి. వారం తర్వాత కాస్త గట్టిగా. “ఇది చెక్క తలుపు గడియ. ఇది గ్రిల్లుది. ఇది బాత్రూము గడియ, ఇందులో కొంచెం నీళ్ళ చప్పుడు కలుస్తుంది,” అని రేడియో ఒక్కొక్కటే పరిచయం చేసేది. ఒక్కోరోజు టూరు నిలదొక్కుకునేది. ఒక్కోరోజు రెండో చప్పుడుకే పోయేది. అప్పుడు అందరం పనులు మానేసి, గొడవ చెయ్యకుండా కూర్చునేవాళ్ళం. పది మంది ఆడపిల్లలు, నేను, అందరం నోరు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చోవడం ఆ హోము పుట్టాక జరగలేదని గార్డు అక్క అంది.

వాయిదా ఇంకో వారం ఉందనగా లాయరు కుట్టుగదిలో కోర్టు పెట్టింది. నల్ల లైనింగు గుడ్డ రెండు మీటర్లు భుజాన వేసుకుని, కత్తిరింపు బల్ల మీద ఎక్కి కూర్చుంది. రేడియోని పోలీసుని చేసింది. నన్ను టీ కొట్టాయన్ని చేసి, ఒక కాలు కుర్చీ మీద పెట్టించింది.

“నువ్వు ఆటో తోలావా?” గొంతు లావు చేసి అడిగింది.

“తోలాను మేడమ్.”

“లైసెన్సు ఉందా?”

“లేదు మేడమ్.”

“నా దగ్గరా లేదు. ఆ సంగతి వదిలెయ్. ఈ టీ కొట్టాయన్ని ఎందుకు గుద్దావు?”

“చూడలేదు మేడమ్.”

“ఇంత మనిషి కనబడలేదా?” నన్ను కింద నుంచి పైదాకా చూపించింది. “ఏమయ్యా టీ కొట్టూ, నువ్వేమంటావు?”

“కాలు నొప్పిగా ఉందండీ,” అన్నాను. నిజంగానే తిమ్మిరెక్కింది.

“కోర్టులో గొంతు పెంచినందుకు నీకు ఏడేళ్ళు!” అని బల్ల మీద పిడికిలితో గుద్దబోయి, టూరు వైపు చూసి ఆగి, మెల్లగా తట్టింది. టూరు గుండీ పట్టుకుని, నవ్వాపుకుంటూ, చివరి ప్రశ్న దాకా నిలబడే ఉంది.

వాయిదా రోజు నేను కూడా వెళ్ళాను. టూరు అడిగింది, మేడమ్ సంతకం పెట్టారు. అది సినిమాల్లో చూపించే కోర్టులా ఉండదు. ఒక మామూలు గది. పొడుగాటి బల్ల వెనక మేజిస్ట్రేటు మేడమ్, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. గోడవారగా ఇనప బీరువాలు. గుమ్మం దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. వెంట వచ్చిన మహిళా పోలీసు జేబులు తడిమి, గుండీ తీసేసుకుంది. లోపలికి ఏ వస్తువూ తీసుకెళ్ళకూడదట. “గుండీయేనమ్మా,” అన్నాను. “గుండీ అయినా అంతే,” అంది. టూరు మొహం పాలిపోయింది.

లోపల ఎదురుగా చేతికర్రతో నిజం టీ కొట్టాయన కూర్చుని ఉన్నాడు. నాకంటే సన్నగా ఉన్నాడు. మేజిస్ట్రేటు మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని, “ఆ రోజు ఏం జరిగిందో చెప్పమ్మా,” అన్నారు. టూరు నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గుమాస్తా కాగితాలు లోపల పెట్టి బీరువా తలుపు ధన్‌మని వేశాడు.

పోయింది. నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. భుజాలు వదులయ్యాయి, చూపు కిటికీలోంచి ఎటో జారిపోయింది.

“మొన్నా ఇంతే చేసింది,” అన్నారు మేజిస్ట్రేటు మేడమ్, కలం తీస్తూ.

కౌన్సిలరు లేచి నిలబడ్డాడు. “నా రిపోర్టు మీ ముందుంది మేడమ్. దయచేసి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకండి. తనే వస్తుంది.”

ఒక నిమిషం గడిచింది. బల్ల మీద మేజిస్ట్రేటు మేడమ్ మంచినీళ్ళ గ్లాసుంది. ఆ రోజు లాయరు కొట్టిన చెంబుడు నీళ్ళు గుర్తొచ్చి, దాని మీదే నా కళ్ళన్నీ. చివరికి ఉండబట్టలేక వంగి, టూరు చెవి దగ్గర గుసగుసగా అన్నాను.

“పాదాలు ఎక్కడున్నాయే?”

గదిలో అందరూ తమ పాదాలు చూసుకున్నారు. నా గుసగుస అలాంటిది.

కాసేపటికి టూరు పెదాలు కదిలాయి. “నేల మీద.” ఊపిరి పీల్చుకుంది. గుండీ లేని చేత్తో తన జడ చివర పట్టుకుంది. నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పడం మొదలెట్టింది. “బీరువా మీద దుమ్ము. కిటికీ ఊచకి కాకి రెట్ట. మీ గడియారం పదకొండు దగ్గర ఆగిపోయింది మేడమ్. ఆ సార్ చొక్కా గుండీ ఒక కాజా తప్పి పెట్టుకున్నారు. ఐదోది... మా టీచర్ గొంతు.”

కుడిపక్క సభ్యుడు గబుక్కున చొక్కా చూసుకున్నాడు. మేజిస్ట్రేటు మేడమ్ గడియారం చూసి, తన చేతి గడియారం చూసి, కలం కింద పెట్టేశారు. పెదాల చివర నవ్వు దాచుకోవడం నాకు కనబడింది.

“ఇప్పుడు అడగొచ్చా?”

“అడగండి మేడమ్. ఉన్నాను.”

చెప్పింది. గడియ వేసిన దగ్గర్నుంచీ చెప్పింది. తల్లిని గడప దాటించడానికి దుప్పటి మీద పడుకోబెట్టి లాగానని చెప్పింది. “దారి నాకు గుర్తులేదు మేడమ్. పోయినసారి అది చెప్తే అబద్ధమంటారని భయమేసింది.” తర్వాత టీ కొట్టాయన వైపు తిరిగింది. “మిమ్మల్ని చూడలేదండీ. తప్పైపోయింది.”

“నేను నిన్ను చూశా కాబట్టే ఒక కాలితో సరిపోయింది,” అన్నాడాయన. మేజిస్ట్రేటు మేడమ్ ఇప్పుడెలా ఉందని అడిగితే, “కాలు అతుక్కుంది మేడమ్. కెటిలే అతుక్కోలేదు,” అన్నాడు. “నన్ను గుద్దాక కూడా ఈ పిల్ల దిగి ‘స్ట్రెచరు, స్ట్రెచరు’ అని ఆస్పత్రి అదిరిపోయేలా అరిచింది. నాక్కూడా అదే స్ట్రెచరు మీద చోటిచ్చారు. కేసు పెట్టింది నేను కాదు, ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేశారు.”

ఆ రోజే వదిలేశారని చెప్పలేను. ఎనిమిది వారాలు ఆస్పత్రిలో మనసుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని, ఆ తర్వాత తల్లి, పెద్దమ్మల దగ్గరికి పంపాలని రాశారు. గుమాస్తాకి కూడా ఒక మాట చెప్పారు. అతను ఆ పూటంతా బీరువా తలుపు పసిపాపని పడుకోబెట్టినట్టు వేశాడు.

తల్లి ఆ తర్వాతి వారం వచ్చింది. అప్పటిదాకా మంచం దిగలేదు. తన అక్క చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా అడుగులేసుకుంటూ, పిల్లల్ని చూడటానికొచ్చేవాళ్ళ గదిలోకి వచ్చింది. ఒకపక్క జుట్టు తీసేసి కుట్లు వేశారేమో, అక్కడ పొట్టిగా, నిక్కబొడుచుకుని మొలుస్తోంది. టూరు లేచి నిలబడింది గానీ దగ్గరికి వెళ్ళలేదు.

“నిన్ను వదిలేసి వెళ్ళిపోయానమ్మా,” అంది. “ఆటోలో. నేను లేను.”

తల్లి కుర్చీలో కూలబడి, అలుపు తీర్చుకుని, కూతురి వంక ఎగాదిగా చూసింది.

“లేకపోవడమేంటే? దారి పొడుగునా నోరు మూశావా? నా తల పగిలింది ఒకపక్క, నీ అరుపులు ఒకపక్క. ‘అమ్మా నిద్రపోకు, నిద్రపోయావంటే ఇక్కడే దించేస్తా’ అన్నావు. అడ్డమొచ్చిన లారీవాణ్ణి ఏం తిట్టావో మీ పెద్దమ్మ ముందు చెప్పమంటావా?”

“నేనా?”

“నువ్వు కాక నేనా? నిద్రపోకుండా ఎక్కం అప్పజెప్పమన్నావు. ఎనిమిదో ఎక్కం. ఆ టైములో ఎవరైనా ఎనిమిదో ఎక్కం అడుగుతారా? రెండో ఎక్కం అడగొచ్చు కదా! ఎనిమిదైదులు దాకా ఎలాగో లాక్కొచ్చా. ఎనిమిదార్లు దగ్గర ఆగిపోతే ‘ఇంత వయసొచ్చింది, ఇది కూడా రాదా’ అని తిట్టావు. ప్రాణం పోతున్నా పౌరుషమొచ్చింది నాకు. అది గుర్తు చేసుకుంటూనే ఆస్పత్రి దాకా వచ్చా.”

టూరు కింద కూర్చుండిపోయింది. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో కాసేపు నాకు తెలియలేదు. రెండూ అనుకుంటాను. “మరి చెప్పు, ఎంత?” అంది ఒళ్ళోంచే.

“ఇప్పటికీ రాదే.”

“నలభై ఆరు!” అని కిటికీ బయటనుంచి వినబడింది.

“నలభై ఎనిమిదే, మొద్దూ,” అంది లాయరు గొంతు. ఆ వెంటనే సూపరింటెండెంటు మేడమ్ దగ్గు వినబడింది. అది రేడియోదో, మేడమ్‌దో తేల్చుకోలేక గార్డు అక్క గుమ్మంలో లేచి నిలబడింది. ఈసారి మేడమ్‌దే. ఆవిడ ఆ ఇద్దర్నీ ఏమీ అనకుండా కిటికీ రెక్క ఇంకాస్త తెరిచి వెళ్ళిపోయారు.

ఎనిమిది వారాల తర్వాత టూరు వెళ్ళిపోయింది. ఇప్పుడు పెద్దమ్మ ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని స్కూలు బట్టలు కుడుతోంది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి, జిప్పు పళ్ళు ఎందుకు తప్పుతున్నాయని అడుగుతుంది. పూర్తిగా తగ్గిపోయిందని అనను. నెలకి రెండు మూడుసార్లు అవుతోందట. డాక్టరు దగ్గరికి వెళ్తూనే ఉంది. పారిపోయిన తండ్రి దొరికాడు. వచ్చే నెల అతని కేసులో తను సాక్ష్యం చెప్పాలి. అతను ఎదురుగా ఉంటాడు.

“భయమేస్తోంది టీచర్,” అంది నిన్న ఫోన్లో. “వస్తారా?”

వస్తానన్నాను. గ్లాసుడు నీళ్ళు కూడా తెస్తానన్నాను. లాయరు కూడా వస్తానంటోంది. దాని కేసు తేలడానికి ఇంకా నాలుగు నెలలుంది. సాక్షికి తోడు వెళ్ళడం పౌరుల బాధ్యత అని మేడమ్‌తో పొద్దున్నించీ వాదిస్తోంది. ఇప్పటికి టీవీ మూడ్రోజులు బందైంది.